ఆర్‌ఎక్స్‌కి కొత్త బ్లాక్ కొనే ముందు ఒక వెర్నియర్ కొనండి

యమహా ఆర్‌ఎక్స్ 100 కొన్నవాళ్ళు మొదట్లో పెయింటు, క్రోమ్, పాత మోడల్ టెయిల్ లైట్ ఎక్కడ దొరుకుతుంది, ఇవే అడుగుతారు. ఆ సరదా తీరాక అందరూ ఒకే దగ్గరికి వస్తారు. "అన్నా, బ్లాక్ మారిస్తే బండి ఎంత లాగుతుంది?" బ్లాక్ అంటే సిలిండరే. చంద్రగిరి నుంచి రోజూ తిరుపతికి బండి మీద వచ్చిపోయే తమ్ముడొకడు మొన్న నాకు వాట్సాప్‌లో సిలిండర్ కిట్ల ఫొటోలు వరసగా పంపాడు. అన్నీ డబ్బాల ఫొటోలే. ఒకదాని మీద 58 అని, ఒకదాని మీద 63 అని, ఇంకోదాని మీద ఏకంగా "రేసింగ్" అని ఎర్రక్షరాలు. లోపల పోర్టులు, అంటే గోడలో కోసిన కిటికీలు, ఎలా ఉన్నాయో చూపించే ఫొటో ఒక్కటీ లేదు. వాణ్ణి అనడానికి ఏముంది, అమ్మేవాళ్ళే చూపించరు, కొనేవాళ్ళు అడగరు కాబట్టి వాళ్ళకి ఆ అవసరమూ లేదు.

వాడికి ఫోన్లో చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నా. టూ స్ట్రోక్ సిలిండర్‌ని పోర్టులు చూసి కొనాలి. ఎంత ఎత్తులో ఉన్నాయి, ఎంత వెడల్పు, ఎంత శుభ్రంగా కోశారు, ఇవి ముందు. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, ఎన్ని మిల్లీమీటర్లు అన్నది ఆ తర్వాత.

సిసి పెరిగితే పవర్ పెరగదా అంటే పెరుగుతుంది, కానీ మనం అనుకున్నంత కాదు. ఆర్‌ఎక్స్ 100 బోరు 50, స్ట్రోక్ (పిస్టన్ పైనుంచి కిందికి కదిలే దూరం) 50, మొత్తం 98 సిసి, కంపెనీ లెక్కలో 11 గుర్రాలు. ఆర్‌ఎక్స్ 135కి స్ట్రోక్ అదే 50, బోరు 58, 132 సిసి, 14 గుర్రాలు. సిసి మూడో వంతుకి పైగా పెరిగింది, పవర్ అంత పెరగలేదు. ఇప్పుడు ఇండోనేషియాలో అమ్మిన ఆర్‌ఎక్స్ కింగ్ చూడండి. అదీ 58 బోరు, 50 స్ట్రోక్, అదే 132 సిసి. దానికి మాత్రం 9,000 ఆర్‌పిఎం దగ్గర 18 గుర్రాల పైనే. బోరూ స్ట్రోకూ ఒకటే అయినప్పుడు ఆ నాలుగు గుర్రాలు ఎక్కడి నుంచి వచ్చాయి? పోర్టులు, కార్బొరేటర్, సైలెన్సర్. ఇంకా మనకి తెలిసిన బండే కావాలంటే రాజ్‌దూత్ 350 ఉంది. జపాన్ ఆర్‌డి 350కి 39 గుర్రాలు. అదే 347 సిసి ఇక్కడికొచ్చేసరికి హై టార్క్ మోడల్లో 30.5, లో టార్క్‌లో 27. మైలేజీ కోసం ఊపిరి బిగించి ఇచ్చారు. అదే ఇంజన్, అదే సైజు, మూడు రకాల పవర్. దీని తర్వాత కూడా డబ్బా మీద అంకె చూసి కొంటానంటే ఇక మీ ఇష్టం.

ఓవర్‌సైజ్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా. బోరు అరిగితే 0.25, 0.50, అలా 1.00 దాకా పెద్దది చేసి పెద్ద పిస్టన్ వేస్తారు కదా. 50 బోరు 51 అయితే పెరిగేది నాలుగు శాతం, అంటే 102 సిసి. అర గుర్రం కూడా రాదు. బోరు వేయించాక బండి ఎగిరి దూకినట్టు అనిపించడానికి కారణం అంతకుముందు రింగుల పక్క నుంచి కారిపోయిన కంప్రెషన్ మళ్ళీ వచ్చింది, అంతే. చాలామంది "పవర్ కిట్" కావాలని తిరుగుతున్న బళ్ళకి నిజంగా కావాల్సింది ఇదే. కొత్త బ్లాక్ గురించి ఆలోచించే ముందు పాతదాన్ని బోర్ గేజ్‌తో కొలిపించండి.

ఇక అసలు విషయం. టూ స్ట్రోక్‌లో వాల్వులు లేవు. సిలిండర్ గోడలో కోసిన కిటికీలే వాల్వులు, వాటిని మూసీ తెరిచే పని పిస్టన్‌ది. మండిన తర్వాత పిస్టన్ కిందికి దిగుతూ ముందు ఎగ్జాస్ట్ పోర్ట్ తెరుస్తుంది, పొగ తన్నుకుంటూ బయటికి పోతుంది, లోపల ఒత్తిడి పడిపోతుంది, ఇంకాస్త దిగాక ట్రాన్స్‌ఫర్ పోర్టులు తెరుచుకుని క్రాంక్ కేస్‌లో నొక్కి ఉన్న కొత్త పెట్రోలు గాలి పైకొస్తుంది. ఈ రెండింటి మధ్య ఉండే వ్యవధిని బ్లోడౌన్ అంటారు. తిరుమలలో క్యూ కాంప్లెక్స్ గుర్తు తెచ్చుకోండి, ముందు కంపార్ట్‌మెంట్ ఖాళీ అవకుండా వెనక గేటు తీస్తే ఏమవుతుంది? లోపలివాళ్ళు ఎదురు తోస్తారు, కొత్తవాళ్ళు లోపలికి రాలేరు. బ్లోడౌన్ చాలకపోతే ఇంజన్‌లోనూ అంతే, పొగ ట్రాన్స్‌ఫర్ పోర్టుల్లోంచి కిందికి తన్ని కొత్త మిశ్రమాన్ని పాడుచేస్తుంది. ఆర్‌పిఎం పెరిగేకొద్దీ ఈ వ్యవధి సెకన్లలో తగ్గిపోతుంది కాబట్టి ఎక్కువ ఆర్‌పిఎం దగ్గర పవర్ కావాలంటే ఎగ్జాస్ట్ పోర్ట్ ఇంకా పైన, ఇంకా వెడల్పుగా ఉండాలి. అలా పెంచితే కింద ఆర్‌పిఎంలో లాగుడు పోతుంది. రెండూ ఒకేసారి ఇచ్చే సిలిండర్ ఏదీ లేదు, ఎగ్జాస్ట్ పోర్ట్ ఎత్తుని నడుస్తూండగానే మార్చే పవర్ వాల్వ్ ఉంటే తప్ప. మన ఆర్‌ఎక్స్‌లకి అది లేదు.

అంకెల్లోకి వస్తే, ఎగ్జాస్ట్ ఎంతసేపు తెరిచి ఉంటుందన్నది క్రాంక్ డిగ్రీల్లో చెబుతారు. రోడ్డు బండికి 170 నుంచి 180 మధ్య మామూలు, 190 దాటితే రేసు వైపు వెళ్ళినట్టే. ట్రాన్స్‌ఫర్లకి 120 నుంచి 130 లోపు. 50 స్ట్రోక్‌కి, కనెక్టింగ్ రాడ్ 100 మి.మీ. వేసుకుని లెక్క కట్టాను. 180 డిగ్రీలు కావాలంటే పిస్టన్ పైనుంచి సుమారు 28 మి.మీ. దిగాక ఎగ్జాస్ట్ తెరుచుకోవాలి. 188కి 26.4 దగ్గర. 196కి 24.6. గమనించారా, రోడ్డు బండికీ రేసు బండికీ మధ్య తేడా మూడున్నర మిల్లీమీటర్లు! అందుకే అంటున్నా, ఫొటోలో కనపడదు, కంటితో చూసినా తెలియదు, వెర్నియర్ (మిల్లీమీటర్‌లో చిన్న భాగాలు కూడా కొలిచే స్కేలు) పెట్టాల్సిందే. ఇంకో సంగతి, ఎగ్జాస్ట్ మూసుకున్నాకే అసలు కంప్రెషన్ మొదలవుతుంది. 28 నుంచి 24.6కి జరిపితే నొక్కే స్ట్రోక్‌లో ఎనిమిదో వంతు పోయినట్టే. హెడ్‌లో దాన్ని సరిచేయకుండా ఒట్టి పోర్ట్ మాత్రం పైకి గీకిస్తే సిగ్నల్ దగ్గర బండి తోసుకెళ్ళాల్సినంత మొద్దుగా తయారవుతుంది.

షాపులో కొలవడం ఎలా అంటే చాలా తేలిక. ఒక తెల్లకాగితం చుట్టి సిలిండర్ లోపల గోడకి అంటుకునేలా పెట్టండి, పై అంచు సిలిండర్ పై అంచుతో సమానంగా. పోర్టుల అంచుల మీద వేలితో గట్టిగా రుద్దండి, వేలికి కాస్త గ్రీజు మసి ఉంటే ఇంకా మంచిది, మెకానిక్ షాపులో దానికేం కొరత. కాగితం తీసి పరిస్తే పోర్టులన్నీ మ్యాప్ లాగా కనపడతాయి. పై అంచు నుంచి ఎగ్జాస్ట్ ఎంత, ట్రాన్స్‌ఫర్లు ఎంత, ఎడమా కుడీ ఒకే ఎత్తులో ఉన్నాయా, అన్నీ అందులోనే. మీ పాత బ్లాక్ కాగితం ఇంట్లోనే తీసుకుని జేబులో పెట్టుకు వెళ్ళండి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇక ఎవరి మాటా వినక్కర్లేదు. పిస్టన్ టిడిసిలో, అంటే అన్నిటికన్నా పైన, ఉన్నప్పుడు సిలిండర్ పై అంచుకి ఎంత కిందో పైనో ఉంటుందో ఆ తేడా మాత్రం లెక్కలో కలపాలి. చవక కిట్లలో ఎడమ ట్రాన్స్‌ఫర్ ఒక ఎత్తు, కుడిది ఒక ఎత్తు ఉండటం మామూలే, అర మిల్లీమీటర్ తేడా ఉన్నా ముందు తెరిచినవైపు నుంచి మిశ్రమం దూకి అవతలివైపు గోడని కొడుతుంది. జర్మనీలో డికెడబ్ల్యూ కంపెనీ వాళ్ళు 1930లలో ష్నూర్లే పద్ధతి తెచ్చినప్పటి నుంచి టూ స్ట్రోక్ అంతా నడిచేది ఈ ఎదురెదురు జెట్‌లు ఒకదాన్నొకటి సరిగ్గా ఢీకొని పైకి తిరగడం మీదే. కాబట్టి రెండు వైపులా ఒకేలా లేని బ్లాక్‌ని ఎంత తక్కువకి ఇచ్చినా తీసుకోకండి.

"బేస్ గ్యాస్కెట్ రెండు వేస్తే పోర్టులు లేస్తాయి కదా, కొత్త బ్లాక్ ఎందుకు" అనేవాళ్ళు ఉన్నారు. లేస్తాయి, నిజమే. కానీ సిలిండర్ మొత్తం 1 మి.మీ. లేపితే ఎగ్జాస్ట్‌కి నాలుగున్నర డిగ్రీలు వస్తాయి, కింద ఉన్న ట్రాన్స్‌ఫర్లకి దాదాపు ఆరు వస్తాయి, ఎందుకంటే అక్కడ పిస్టన్ నెమ్మదిగా కదులుతుంది. అంటే బ్లోడౌన్ పెరగకపోగా కాస్త తగ్గుతుంది. పైగా స్క్విష్ గ్యాప్ (పిస్టన్ పైన ఉన్నప్పుడు దాని అంచుకీ హెడ్‌కీ మధ్య సందు) 1 మి.మీ. పెరిగి కంప్రెషన్ పోతుంది. హెడ్ మిషన్ పట్టిస్తే తప్ప ఆ పని వల్ల వచ్చేది శబ్దమే.

ఇంతకీ మీరు బండి ఎక్కడ నడుపుతారు? ఇది ఎవరూ అడగని ప్రశ్న, నాకు మాత్రం ఇదే మొదటి ప్రశ్న. ఆర్‌ఎక్స్ 100కి గరిష్ఠ టార్క్ 6,500 దగ్గర, గరిష్ఠ పవర్ 7,500 దగ్గర. గేర్లు నాలుగే. గేరు మార్చినప్పుడల్లా ఆర్‌పిఎం బాగా పడిపోతుంది కాబట్టి పవర్ బ్యాండ్ (బండి బాగా లాగే ఆర్‌పిఎంల మేర) వెడల్పుగా ఉంటేనే ఆ నాలుగు గేర్లు సరిపోతాయి. 9,000 దగ్గర మాత్రమే లేచే సిలిండర్ పెట్టారనుకోండి, లీలామహల్ సెంటర్ ట్రాఫిక్‌లో క్లచ్ మీద బతకాలి. చిత్తూరు నుంచి పలమనేరు పోతూ మొగిలి ఘాట్‌లో లారీ వెనక ఇరుక్కుని మూడో గేర్‌లో ఎక్కుతుంటే అది ఆ పవర్ బ్యాండ్‌లోకి ఎప్పటికీ చేరదు, రెండోకి దింపితే అరుస్తుంది, మూడోకి వేస్తే చస్తుంది. భాకరాపేట ఘాట్‌లో మలుపులు కూడా అంతే, బయటికొచ్చేటప్పుడు మధ్య ఆర్‌పిఎంలో లాగే బండే హాయిగా ఉంటుంది. చెన్నై హైవే మీద నేరుగా పరిగెత్తించేవాళ్ళకి పైన పవర్ పనికొస్తుంది, కానీ నాకు తెలిసి ఆర్‌ఎక్స్ వేసుకుని రోజూ చెన్నై పోయేవాళ్ళు ఎవరూ లేరు. మరొకటి, పిస్టన్ సగటు వేగం 7,500 దగ్గర సెకనుకి 12.5 మీటర్లు, 9,000 దగ్గర 15. ముప్పై ఏళ్ళ నాటి క్రాంక్, దాని బిగ్ ఎండ్ బేరింగ్ ఆ తేడాని భరించాలి. వాటిని ఎవరు చివరిసారి మార్చారో మీకు తెలుసా?

ఆర్‌ఎక్స్ స్టాక్ బ్లాక్ అల్యూమినియం, లోపల కాస్ట్ ఐరన్ స్లీవ్. కొత్తగా వచ్చే ఖరీదైన వాటిలో స్లీవ్ లేకుండా అల్యూమినియం మీదే నికాసిల్ పూత వేసినవి ఉంటాయి. నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ కలిపిన పూత అది, 1960ల చివర్లో మాలె కంపెనీ చేసింది. టెక్నికల్‌గా అదే మేలు, ఇందులో వాదన లేదు. ఇనుము కన్నా అల్యూమినియం వేడిని మూడు రెట్లకి పైనే వేగంగా లాగేస్తుంది. పిస్టన్ కూడా అల్యూమినియమే కాబట్టి రెండూ దాదాపు ఒకేలా వ్యాకోచిస్తాయి, గ్యాప్ తక్కువ పెట్టుకోవచ్చు. ఇనుప స్లీవ్‌లో అలా కుదరదు, పిస్టన్ రెండింతలు వ్యాకోచిస్తుంది, గోడ అంత కదలదు. మే నెలలో రేణిగుంట రోడ్డు మీద మధ్యాహ్నం పూట ఎయిర్ కూల్డ్ ఇంజన్‌కి ఇది చిన్న విషయం కాదు.

అయినా నేను మా వైపు వాళ్ళకి ఇనుప స్లీవే చెబుతాను. కారణం సులువు. నికాసిల్ గీరుకుపోతే తిరుపతిలో ఏ లేత్ షాపులోనూ బాగుచేయలేరు, బోరు వేయడం కుదరదు, పూత మళ్ళీ వేయించాలి, దానికి వేరే ఊళ్ళు పట్టుకుని తిరగాలి. ఇనుప స్లీవ్ అయితే 0.25 పెంచుకుంటూ చాలా ఏళ్ళు వాడొచ్చు, చివరికి స్లీవ్ మార్చినా మార్చొచ్చు. పవర్ కొద్దిగా తగ్గినా రిపేరు మన ఊళ్ళో అయ్యేదే నాకు మంచి సిలిండర్. అయితే స్లీవ్ ఎలా కూర్చుందో చూడండి. అల్యూమినియంతో కలిపి పోత పోసినదైతే మంచిది. తర్వాత నొక్కి దించినదైతే రెండింటి మధ్య వెంట్రుకంత సందు ఉన్నా వేడి అక్కడే ఆగిపోతుంది. పోర్టుల దగ్గర, కింది స్కర్ట్ దగ్గర టార్చి వేసి చూస్తే ఆ గీత కనపడుతుంది.

టార్చి ఎలాగూ వెలిగించారు కాబట్టి ట్రాన్స్‌ఫర్ దారుల్లోకి కూడా వేయండి, వేలు పెట్టి తడమండి. పోతపోసిన ఇసుక అంటుకుని గరుకుగా ఉందా, పోత మిగుళ్ళు పొడుచుకొచ్చాయా, బయటి అల్యూమినియం దారికీ స్లీవ్‌లో కోసిన కిటికీకీ మధ్య మెట్టు ఉందా? చవక కిట్లలో ఈ మెట్టు 2 మి.మీ. దాకా చూశాను. పోర్ట్ ఎంత పెద్దదైనా ఆ మెట్టు దగ్గర గాలి తిరగబడుతుంది. ఇసుక రేణువు ఒకటి ఊడి పిస్టన్ మీదికి వస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. వీలున్నవాళ్ళు ఆన్‌లైన్‌లో తెప్పించుకునే బదులు చెన్నై వెళ్ళి జనరల్ ప్యాటర్స్ రోడ్డులో చేత్తో పట్టుకుని చూసి కొనండి, పాతవాటికైతే పుదుపేట ఉండనే ఉంది. తిరుపతి నుంచి పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగి వచ్చేయొచ్చు. వెర్నియర్, టార్చి, మీ పాత బ్లాక్ కాగితం తీసుకెళ్ళడం మాత్రం మర్చిపోకండి. కొలవనివ్వని షాపు నుంచి నేనైతే లేచి వచ్చేస్తాను.

ఎగ్జాస్ట్ పోర్ట్ వెడల్పు గురించి ఒక హద్దు ఉంది. మధ్యలో కడ్డీ లేని ఒంటి పోర్ట్ అయితే బోరులో 65 శాతం, మహా అయితే 70 దాకా. 50 బోరుకి 32 నుంచి 35 మి.మీ. అది దాటితే రింగు ఆ కిటికీలోకి ఉబ్బి అంచుకి తగులుకుంటుంది. అంచులు నున్నగా చాంఫర్ చేసి, అంటే పదును లేకుండా వాలుగా గీకి, ఉండాలి, ఇది ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే మన లేత్ షాపుల్లో బోరు వేసేటప్పుడు పాత చాంఫర్ పోయి అంచు బ్లేడులా తయారవుతుంది, మళ్ళీ రౌండ్ చేయమని మనం అడిగితే తప్ప చాలామంది చేయరు. హోనింగ్ (బోరు గోడని సన్నగా గీతలు పడేలా రాయితో రుద్దడం) అయిపోయింది, డబ్బులు కట్టండి అంటారు. అక్కడే నిలబడి చేయించుకోండి, తర్వాత సబ్బు నీళ్ళతో బ్లాక్‌ని రుద్ది కడగండి, పెట్రోలుతో కడిగితే హోనింగ్ పొడి గీతల్లోంచి పూర్తిగా పోదు. కడిగి తుడిచి వెంటనే నూనె రాయాలి, లేకపోతే ఇనుము కాబట్టి చూస్తుండగానే తుప్పు.

పిస్టన్ గ్యాప్ పిస్టన్ తయారీదారు చెప్పినదే పెట్టించాలి. ఈ సైజుకి 0.05 మి.మీ. అటూ ఇటూ ఉంటుంది. పిస్టన్‌ని స్కర్ట్ కింది వైపు, పిన్నుకి అడ్డంగా కొలవాలి, పైన కొలిస్తే తప్పు లెక్క వస్తుంది. బోరు వేసేవాళ్ళకి పిస్టన్ ముందే ఇవ్వండి, "50.25కి వేసి పెట్టన్నా, పిస్టన్ తర్వాత తెస్తా" అనే పద్ధతి వద్దు. రింగు పిన్నులు ఏ పోర్ట్ మీదికీ రాకూడదు, కిట్‌తో వచ్చిన పిస్టన్ వేరే బండిది అయినప్పుడు ఈ తేడా వస్తుంటుంది.

58 బోరు బ్లాక్‌ని 100 మీద పెట్టడం మా వైపు బాగా ఎక్కువ. చేయొచ్చు, చాలా బళ్ళు అలా తిరుగుతున్నాయి. కానీ 135 స్లీవ్ కింది భాగం లావు, 100 క్రాంక్ కేస్ నోట్లో దిగదు, కేస్‌ని విప్పి లేత్ మీదికి ఎక్కించి నోరు పెద్దది చేయాలి. అక్కడ సెంటర్ తప్పితే సిలిండర్ వంకరగా కూర్చుంటుంది, గ్యాస్కెట్ ఆనే చోటు పలచబడితే గాలి లాగుతుంది. ఇంజన్ నంబర్ ఉండేది ఆ కేస్ మీదే అని గుర్తుంచుకోండి. బ్లాక్ పాడైతే ఇంకోటి కొంటారు, కేస్ పాడైతే బండి కాగితాలే పోయినట్టు. ఇంకా పెద్ద పిస్టన్ బరువెక్కువ, క్రాంక్ బ్యాలెన్స్ పాత పిస్టన్‌కి చేసింది, ఫుట్‌రెస్ట్‌ల దగ్గర జిల్లుమంటుంది. ఇవన్నీ తెలిసి, డబ్బు పెట్టి, మంచి మిషన్ షాపు చేతిలో పెట్టేవాళ్ళకి నేను వద్దనను. సాయంత్రానికి బిగించి ఇచ్చేస్తామనేవాళ్ళ చేతికి మాత్రం ఇవ్వకండి.

సిలిండర్ మారిస్తే మిగతావి మారక తప్పదు. సైలెన్సర్ ముందు. టూ స్ట్రోక్‌లో సైలెన్సర్ సిలిండర్‌లో సగం అనే చెప్పాలి, తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ ఎక్స్‌పాన్షన్ చాంబర్ (మధ్యలో ఉబ్బిన సైలెన్సర్) లోపలి ఒత్తిడి అలలతోనే 1961 నాటికి 125 సిసిలోంచి 25 గుర్రాలు తీశాడు, అంటే లీటరుకి 200. మన ఆర్‌ఎక్స్ లీటరుకి 112. పోర్ట్ టైమింగ్ ఒక ఆర్‌పిఎంకి, చాంబర్ పొడవు ఇంకో ఆర్‌పిఎంకి ఉంటే రెండూ కొట్టుకుంటాయి. శబ్దం బాగుందని కొన్న చాంబర్‌తో బండి స్టాక్ కన్నా నెమ్మదిగా పోవడం నేను చూశాను. స్క్విష్ గ్యాప్‌ని సోల్డరింగ్ తీగ ప్లగ్ రంధ్రంలోంచి పెట్టి కిక్ తిప్పి, నలిగిన అంచు కొలిస్తే తెలుస్తుంది, 0.8 నుంచి 1 మి.మీ. నాకు ఇష్టం. క్రాంక్ సీల్స్ కొత్తవి వేయకుండా కొత్త బ్లాక్ బిగించవద్దు, మ్యాగ్నెట్ వైపు సీల్ గాలి లాగితే మిశ్రమంలో పెట్రోలు తగ్గి, అంటే పలచబడి, పిస్టన్ పట్టేస్తుంది, తప్పు బ్లాక్ మీదికి పోతుంది.

కార్బొరేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే జెట్ విషయంలో పెద్దదాంతో మొదలుపెట్టి తగ్గించుకుంటూ రండి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు, ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్‌తో బండి పలచగా నడుస్తుంది, పాత పుస్తకంలో ఉన్న జెట్ నంబర్ ఇప్పుడు ఉన్నదున్నట్టు పనికిరాదు. ఇంకోటి, మనవాళ్ళు ఎండాకాలంలో పట్టేస్తుందని భయపడి ఎండలోనే జెట్ సెట్ చేసుకుంటారు. వేడి గాలి పలచన, డిసెంబరు తెల్లవారుజామున చల్లగాలి చిక్కన. 42 డిగ్రీలకీ 18 డిగ్రీలకీ మధ్య గాలి బరువులో ఎనిమిది శాతం తేడా. మే నెలలో సరిగ్గా కుదిరిన జెట్ డిసెంబరులో చాలదు, మిశ్రమం పలచబడుతుంది. మదనపల్లె, హార్స్‌లీ హిల్స్ వైపు ఎత్తులో ట్యూన్ చేయించి కిందికి తిరుపతికి దిగేవాళ్ళకీ ఇదే కథ. మొగిలి ఘాట్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా మూసి ఇంజన్ మీద దింపకండి, ఆర్‌పిఎం ఎక్కువగా ఉండి నూనె తక్కువగా అందే సమయం అదే, అప్పుడప్పుడు క్లచ్ నొక్కి ఒక్కసారి రెయిజ్ చేస్తుంటే చాలు.

చట్టం సంగతి కూడా రాయాలి కదా. 98 సిసి అని ఆర్‌సిలో ఉన్న బండికి 132 పెడితే అది మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వచ్చే మార్పు, అనుమతి లేకుండా చేస్తే 182ఎ కింద ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. జరిమానా కన్నా నాకు భయం ఇన్సూరెన్స్ గురించే, యాక్సిడెంట్ అయ్యాక కంపెనీవాడు బండి విప్పి చూస్తే గొడవ మొదలవుతుంది. అదే బోరులో పోర్టులు బాగున్న బ్లాక్ అయితే సిసి మారదు. నేను 50 బోరు వైపు మొగ్గడానికి ఇదీ ఒక కారణం.

చంద్రగిరి తమ్ముడికి చివరికి ఇది చెప్పాను. ముందు ఉన్న బ్లాక్ కొలిపించు. ఇంకో ఓవర్‌సైజ్ మిగిలుంటే బోరు వేయించి, చాంఫర్ చేయించి, ట్రాన్స్‌ఫర్ దారులు నున్న చేయించి, సీల్స్ మార్చి, స్టాక్ సైలెన్సర్‌లో కార్బన్ తీయించి నడిపి చూడు. అది చాలదనిపిస్తే అప్పుడు ఇనుప స్లీవ్ ఉన్న 50 బోరు బ్లాక్, ఎగ్జాస్ట్ 180 దాటనిది. "మరి రేసింగ్ అని రాసున్నది?" అన్నాడు. పోర్టుల మ్యాప్ పంపు, చూసి చెబుతా అన్నాను. ఇంకా పంపలేదు.

ఒకవేళ కొత్తదే వేసుకుంటే పాత ఒరిజినల్ బ్లాక్‌ని మెకానిక్ దగ్గర వదిలేసి రాకండి, పాత ఇనుము కింద లెక్క కట్టి ఐదొందలకి అడిగేవాళ్ళు షాపు గుమ్మం దాటకముందే తగులుతారు. లోపల టూటీ ఆయిల్ దట్టంగా పూసి, ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి అటక మీద పెట్టండి. బండి అమ్మే రోజున కొనేవాడు మొదట అడిగేది దాన్నే.